ఒకే మోత గంటలు

అనగనగా అనగానే మరీ పాతకాలానికి వెళ్లిపోకండి పిల్లలూ. ఇది రాజులూ, సెల్‌ఫోన్లూ కలిసి ఉన్న కాలం నాటి ముచ్చట. అప్పుడు జంతువులు మాట్లాడేవి. మనుషులు కూడా అప్పుడప్పుడూ వినేవారు.

మేటివాడ అనే ఊళ్లో భూషణం అనే కంచరి ఉండేవాడు. పశువుల మెడలో కట్టే గంటలు పోతపోసి సంతలో అమ్మేవాడు. ఒక సంతకు తెచ్చిన గంటల్లో ఏ రెండూ ఒకేలా మోగేవి కావు. ఎవరొచ్చినా ముందు, "ఏ ఊరు బాబూ? మీ మందలో ఇప్పటికే ఏ మోతలున్నాయి?" అని అడిగేవాడు. ఒక ఊరి మందకు ఒకే మోత రెండోసారి ఇచ్చేవాడు కాదు. సాయంత్రం మంద తిరిగి వస్తుంటే ఆ దుమ్ములో ఎవరి ఆవు ఏదో కంటికి ఆనదు కదా! గంట విని తలుపు తీయాలి.

రోజులు మారాయి. జనం సంతకు రావడం మానేశారు. ఉప్పు నుంచి ఉయ్యాల దాకా అన్నీ ఫోనులోనే కొంటున్నారు. భూషణం గంటల ముందు ఈగలు తప్ప బేరం లేదు. ఇలాగే సాగితే కొలిమి ఆర్పేసి, తాతలనాటి పని వదిలి కూలికి పోవాల్సిందే. 

ఇంతలో రాజుగారు దండోరా వేయించారు. "చిన్న వర్తకులంతా ఆన్‌లైన్‌లో అంగళ్లు తెరవాలహో!"

ఎలా తెరవాలో మాత్రం దండోరా వేసినవాడికీ తెలియదు.

"నాకు తెలుసు," అంటూ వచ్చింది ఒక నక్క. దాని మెడలో ఫోను వేలాడుతోంది. "ముందు సరుకు ఫొటోలు పెట్టండి భూషణంగారూ. మిగతాది అదే జరుగుతుంది."

భూషణం గంటలన్నీ చింతపండుతో తళతళా తోమి, ఒక్కొక్కటీ ఫొటో తీసి పెట్టాడు. జనం చూశారు. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఇన్నెందుకని అడిగారు. చెవికి తెలిసేదాన్ని కంటికి ఎలా చెప్పాలో భూషణానికి తోచలేదు. ఫోనును తిప్పి చూశాడు, బోర్లించి చూశాడు, చివరికి దుమ్మేమోనని ఊదాడు.

"ఊదకండి, అదేం కొలిమా!" అంది భార్య వర్ధనమ్మ.

నక్క మళ్లీ వచ్చింది. "కొనేవాడికి ఆలోచించే పని పెట్టకూడదండీ. ఒకే ఫొటో, ఒకే మూస, ఒకే గంట. అంతే!"

"మరి ఏ ఊరని అడగొద్దూ?"

"ఫోనులో ప్రశ్నలడిగితే పారిపోతారు."

భూషణానికి మనసు ఒప్పలేదు. అయినా ఇంత తెలిసిన నక్క చెబుతుంటే కాదనడానికి నోరు రాలేదు. ఒకే మూసలో గంటలు పోశాడు. ఇంకేముంది, గిరాకీ వరదలా వచ్చిపడింది. పాలకోన అనే ఊళ్లో అయితే ఇంటింటివాళ్లూ తెప్పించుకున్నారు. ఏం జరుగుతోందో తెలియకపోయినా భూషణం సంతోషంతో అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ తర్వాత మొదలయ్యాయి పాలకోన నుంచి కబుర్లు. "మా ఆవు ఇంటికి రాలేదు." "మా ఇంటికి మూడొచ్చాయి." "మా దూడ పొరుగింటి ఆవును తల్లి అనుకుని వెళ్లి తన్నులు తింది." భూషణానికి తల గిర్రున తిరిగింది. తాను అమ్మింది గంటలనా, ఆవులనా?

నక్క మూడోసారి వచ్చింది. "కంగారెందుకు? ఈ దుకాణం మూసేసి కొత్త పేరుతో ఇంకొకటి తెరవండి. ఫోనులో మీ మొహం ఎవరికి తెలుసు?"

ఆ రోజంతా భూషణానికి ఎటూ పాలుపోలేదు. ఇది మూసేసి కొత్తది తెరిస్తే కొలిమి నిలుస్తుంది. తప్పు ఒప్పుకుంటే ఇంకెవరు కొంటారు? నక్క మాట విన్నా భయమే, వినకపోయినా భయమే.

"ఏమే, ఏం చేయమంటావు?" అన్నాడు భార్యతో.

"నాకూ తెలియదండీ. ముందు వెళ్లి ఆ ఆవుల్ని చూసి రండి," అంది వర్ధనమ్మ.

భూషణం పాలకోన చేరేసరికి మంద తిరిగి వస్తోంది. ఊరంతా ఒకే మోత. తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. జనం ఒకరి ఆవును ఒకరు అదిలించుకుంటున్నారు. వీధి మలుపులో ఒక ఎర్రావు కదలకుండా నిలబడి ఉంది.

"నీ ఇల్లు తెలియడం లేదా తల్లీ?" అన్నాడు భూషణం.

"నాకు తెలుసయ్యా. నా దూడకే తెలియడం లేదు," అంది ఆవు. "ఇదివరకు నా గంట వినగానే పరుగెత్తుకొచ్చేది. ఈ మోత వెంట పోయి అందరి దగ్గరా తన్నులు తిన్నాక, ఇప్పుడు నేనొచ్చినా మూల నక్కి చూస్తోంది. పొదుగులోకి పాల చేపు కూడా రావడం లేదు నాకు."

భూషణం కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడే నిలబడి జనాన్ని పిలిచాడు. "అమ్మలారా, అయ్యలారా! తప్పు మీది కాదు, నాది. అడగాల్సింది అడక్కుండా అమ్మాను. ఈ గంటలన్నీ కరిగించి, ఎవరి మోత వారికి పోసిస్తాను."

ఆ మాటే తన ఆన్‌లైన్ దుకాణంలోనూ పెట్టాడు. "మునిగిపోయారు!" అని నక్క నెత్తి కొట్టుకుంది. నిజమే, ఆ తర్వాత చాలాకాలం బేరాల్లేవు. భూషణం మాత్రం పాలకోన గంటలు పోస్తూనే ఉన్నాడు. పోసిన ప్రతి గంటనూ ఫోను దగ్గర మోగించి, ఆ మోతను దుకాణంలో పెట్టాడు. దాని పైన, "మీది ఏ ఊరు? మీ మందలో ఏ మోతలున్నాయి?" అని రాయించాడు. నక్క అన్నట్టే కొందరు ప్రశ్న చూసి పారిపోయారు. కొందరు ఆగి జవాబిచ్చారు. పాలకోనవాళ్లు తమ చుట్టాలందరికీ ఆ దుకాణం గురించి చెప్పారు. మెల్లగా కొండల అవతలి ఊళ్ల నుంచి కూడా బేరాలొచ్చాయి. కొలిమి ఆరలేదు. ఫోను ఎలా పనిచేస్తుందో మాత్రం భూషణానికి ఇప్పటికీ అయోమయమే.

ఎర్రావు మెడలో కొత్త గంట కట్టిన రోజున దూడ రాలేదు. మర్నాడూ రాలేదు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం చెవులు నిక్కించి, రెండడుగులు వేసి, ఆగి, మళ్లీ విని, ఒక్క పరుగున తల్లి పొదుగు దగ్గరికి చేరింది.

కాబట్టి పిల్లలూ, కొనేవాడి ముఖం కనబడని చోట కూడా అతని అవసరం అడిగి అమ్మేవాడే, తప్పు జరిగితే తన ముఖం దాచుకోనివాడే నిజమైన వర్తకుడు.