కంప్యూటర్ వెనక మూడు మూతలు

గోదావరిఖనిలోని గని కార్మికుల క్వార్టర్లలో, పక్కవాడి దగ్గర ఏదుంటే దానికంటె జానెడు పెద్దది తన దగ్గర లేకపోతే అన్నం సయించని రంజిత్ అనే యువకుడు ఉండేవాడు. పని తెలియనివాడు కాదు. తను పని చేసే మందుల దుకాణంలో ఏ మాత్ర ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. కాని అసూయ పట్టినవాడికి ఎంత తెలివి ఉన్నా అది అసూయ చెప్పినట్టే నడుస్తుంది.

పక్కింట్లో ఓంకార్ ఉండేవాడు. లేతు మిషను మీద పని చేసేవాడు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. బడి రోజుల నుంచి ఇద్దరూ ఇంటర్నెట్ సెంటరులో పక్కపక్క కుర్చీల్లో కూచుని ఆటలాడేవాళ్లు. ఏటా కరీంనగర్‌లో కంప్యూటర్ ఆటల పోటీ జరిగేది. అందులో ఇద్దరు జోడీగా ఆడాలి. మొదటి ఆటలు ఎవరింట్లో వాళ్లు కూచుని ఆడతారు. గెలిచిన జోడీలను కరీంనగర్ పిలిచి వేదిక ఎక్కిస్తారు. "ఎప్పటికైనా మనిద్దరం ఆ వేదిక ఎక్కాలెరా," అని మొదట అన్నది రంజితే. ఓంకార్ ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు.

అందుకు సొంత కంప్యూటర్లు కావాలి. రంజిత్ ఏడాది పాటు నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆటలో బొమ్మలను వేగంగా నడిపించే గ్రాఫిక్స్ కార్డు ఏది కావాలి, మానిటర్ ఎంత ఉండాలి, బల్ల వెడల్పు ఎంత, కుర్చీకీ తెరకీ నడుమ దూరం ఎంత, అన్నీ టేపు పెట్టి కొలిచి రాశాడు. ఇరవై నాలుగు అంగుళాల తెర తన గదికి చాలని తేల్చుకున్నాడు. మంచి ఆలోచనే. దాని మీద నిలబడి ఉంటే చెప్పుకోవడానికి కథే ఉండేది కాదు.

ఓంకార్ కంప్యూటర్ ముందు వచ్చింది. అతని తల్లి దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. క్వార్టర్ల లైనులో వాళ్లంతా చూడటానికి వచ్చారు. రంజిత్ తల్లి సారమ్మ కూడా వచ్చి, తెర మీద పరుగెత్తే బొమ్మను చూసి బుగ్గ మీద చెయ్యి వేసుకుంది.

"ఎంత ముద్దుగున్నదిరా ఓంకారూ! చెరువుల చాప తీరు జారుతాంది!"

కన్నతల్లి నోటే ఆ మాట విన్నాడు రంజిత్. ఇంటికి వెళ్లి నోటుబుక్కులో ఆ పేజీ చింపేశాడు.

మర్నాడు మల్లేశం దుకాణానికి వెళ్లాడు. ఓంకార్ కంప్యూటర్ బిగించింది ఈ మల్లేశమే. పెద్దమనిషి. అడగాల్సినవన్నీ అడగనిదే వస్తువు చేతికి ఇచ్చే రకం కాదు.

"నీ బల్ల ఎంత వెడల్పు బిడ్డా?" అని అడిగాడు మల్లేశం.

"ఓంకార్ ఏ తెర తీసుకున్నడు కాకా?"

"నేనడిగింది నీ బల్ల సంగతి."

"వాడిది ఇరవై నాలుగు గదా. నాకు ముప్పై రెండు ఇయ్యి. వంపు తిరిగింది. కార్డు కూడా వాడిదానికంటె పైది."

"గంత చిన్న బల్ల మీద గంత పెద్ద తెరనా? ఈ కొస చూసేలోపు ఆ కొస నుంచి నిన్ను కాల్చేస్తరు. మెడ తిప్పుడే ఆటయితది నీకు."

"నా మెడ, నా ఇష్టం."

మల్లేశం అడిగినవన్నీ కంప్యూటర్ డబ్బాలో బిగించి, "ఇంటికొచ్చి వైర్లు కలిపి పోతా," అన్నాడు. రంజిత్ ఒప్పుకోలేదు. మల్లేశం ఓంకార్ ఇంటికి కూడా పోతాడు, తన కార్డు సంగతి అక్కడ చెప్పేస్తాడని అతని అనుమానం.

"అయితే విను. మానిటర్ వైరు ఎక్కడ పెట్టాలంటే..."

"నాకు తెలువదా కాకా? ఓంకార్‌కు చెప్పినట్టు నాకు చెప్పకు."

సగంలో ఆపించిన ఆ మాటే రంజిత్‌కు కావలసిన మాట.

ఇంటికి తెచ్చి డబ్బాను వెనక్కి తిప్పి చూశాడు. మానిటర్ వైరు పట్టే రంధ్రం పైన ఒకటి తెరిచి ఉంది. కింద, కొత్త కార్డుకు మరో మూడు ఉన్నాయి. వాటికి నల్లటి చిన్న మూతలు బిగించి ఉన్నాయి. వాళ్లింట్లో కొత్త వస్తువు మీది కవరు తీసే అలవాటు లేదు. ఫ్రిజ్ పిడికి నాలుగేళ్లుగా ప్లాస్టిక్ అలాగే ఉంది. టీవీ రిమోట్ సంచిలోనే ఉంటుంది. 'ఓంకార్ అన్ని మూతలూ ఆ రోజే పీకేసిండు. ఏడాది తిరిగేసరికి వాడిది దుమ్ము కొట్టుకుపోతది. నాది కొత్తగనే ఉంటది,' అనుకున్నాడు రంజిత్. తెరిచి ఉన్న రంధ్రంలోనే వైరు పెట్టాడు. బొమ్మ వచ్చింది. పెద్ద తెరకు చోటు చాలక డబ్బాను గోడ మూలకు నెట్టేశాడు.

లైనువాళ్లు వచ్చి, "అబ్బో, సినిమా హాలేరా!" అన్నారు. రంజిత్ కడుపు చల్లబడింది.

ఆట మొదలుపెట్టాక తెలిసింది. బొమ్మ జారడం లేదు. గుంటల్లో పడ్డ ఆటోలా ఎగిరెగిరి పడుతోంది. ఓంకార్ ఒక గుండు పేల్చేలోపు రంజిత్ రెండుసార్లు చచ్చేవాడు. గోడ అవతల నుంచి ఓంకార్ అరిచేవాడు.

"ఎక్కడున్నవురా?"

"వస్తున్న!"

"నువ్వొచ్చే వరకు నన్ను బొంద పెడుతరు!"

వారం రోజులయ్యాక ఓంకార్ ఇంటికే వచ్చాడు. "గంత మంచి కార్డు పెట్టి గిట్ల ఆగుతదా? జరుగు, ఒకసారి వెనక చూస్త," అన్నాడు.

"నా దాని వెనక నీకేం పని? నాకేం కార్డుందో చూసి కుళ్లుకోనీకా?"

ఓంకార్ వెనక చూడకుండానే వెళ్లిపోయాడు.

రంజిత్ టీ కొట్టు దగ్గర పది మంది ముందు, "మల్లేశం పాత సరుకు అంటగట్టిండు. ఓంకార్‌కు మంచిది, నాకు చెత్త," అన్నాడు. ఆ మాట సాయంత్రానికే మల్లేశం చెవిన పడింది. ఆయన దాన్ని మరిచిపోలేదు. తప్పు చెయ్యనివాడు ఎందుకు మరవాలి?

పోటీ దగ్గరపడింది. "పోటీనాడు నువ్వు నా కంప్యూటర్ మీద ఆడు, నేను నీదాని మీద ఆడత," అన్నాడు ఓంకార్. ఇంతకంటె స్నేహితుడు ఏం చెయ్యగలడు? కాని రంజిత్‌కు అది ఎత్తిపొడుపులా వినిపించింది.

"నాకు బిచ్చం పెడుతున్నవా? నీ జోడీ నాకొద్దు పో!"

ఓంకార్ రెండు రోజులు చూశాడు. మూడో రోజు వెనక లైనులో ఉండే పాలిటెక్నిక్ పిల్ల హారిక పేరు తన జోడీగా రాయించాడు. పోటీలో మొదటి ఆటలు ఆదివారం జరిగాయి. మధ్యాహ్నానికి గోడ అవతల కేకలు, ఈలలు. ఆ జోడీ గెలిచింది. రంజిత్ తన పెద్ద తెర ముందు కూచుని ఆ కేకలన్నీ విన్నాడు.

ఉడికిపోయి, మర్నాడు డబ్బాను చంకన పెట్టుకుని మల్లేశం మీదికి కొట్లాటకు పోయాడు. "ఏం అంటగట్టినవ్ నాకు?" అని బల్ల మీద పెట్టాడు.

మల్లేశం డబ్బాను వెనక్కి తిప్పాడు. ఒక్కసారి చూశాడు. "ఈ మూతలేంది?"

"దుమ్ము పడకుండా..."

"గ్రాఫిక్స్ కార్డుకు మూతలు అట్లనే ఉంచి, మానిటర్ వైరు పైదాంట్ల పెట్టినవా? అది కార్డుది కాదు, మామూలు బొమ్మకు. అంటే గింత మంచి కార్డు ఒక్కనాడన్నా పని చెయ్యలే. ఎన్ని రోజులాయె?"

రంజిత్ నేల చూశాడు. "మూడు నెలలు."

మల్లేశం గోటితో మూత పీకి, తన దుకాణంలోని మానిటర్ వైరు అక్కడ పెట్టాడు. తెర మీద బొమ్మ గాలిలా పరుగెత్తింది. ఒక నిమిషం పని.

"తప్పయింది కాకా."

"నాకు చెప్పుడు కాదు. టీ కొట్టు కాడ ఎంతమంది ముంగట అన్నవో, అంతమంది ముంగట చెప్పిరా. అప్పుడు ఈ డబ్బా తీస్కపో."

రంజిత్ వెళ్లి చెప్పాడు. చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఓంకార్ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసా?"

"అనుమానం ఉండె. అందుకే వెనక చూస్తనంటిని."

"మళ్ల నన్ను జోడీ చేసుకుంటవా?"

"కరీంనగర్‌కైతే హారికే వస్తది. ఆడి గెలిచిందామె," అన్నాడు ఓంకార్.

"మరి వచ్చే ఏడు?"

"ముందుగాల ఆ డబ్బాను మూల నుంచి ఇవతలికి జరుపు. వెనక పక్క మనుషులకు కనబడాలె. తర్వాత చూద్దాం."

కరీంనగర్ పోటీని రంజిత్ తన ఇంట్లో, తన ముప్పై రెండు అంగుళాల తెర మీద ఇంటర్నెట్‌లో చూశాడు. వేదిక మీద రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఓంకార్, తను కూచోవలసినదాంట్లో హారిక. సారమ్మ వంటింట్లోంచి వచ్చి తెర వైపు చూసి సంబరపడింది.

"మనది గూడ చాప తీరు జారుతాందిరా ఇప్పుడు!"

రంజిత్ తల ఊపాడు.

పక్కవాడి తెర మీదే కన్ను వేసినవాడికి తన వెనక ఉన్న తప్పు కనబడదు. అసూయ అన్నిటికంటె ముందు దూరం చేసేది, ఆ తప్పు చూపించగల మనిషినే.