సూదవ్వ దగ్గర చదువుకున్న ఎలుగు

ఈ కథ మొదట చెప్పింది మేకలు కాసే తిరుపాలమ్మ. ఆమె చెప్పింది చెప్పినట్టే ఇక్కడ ఉంది. ఒక్క ముక్క కలిపింది లేదు, తీసింది లేదు. పిల్లలూ, కదలకుండా కూర్చుని వినండి.

అనగనగా ఒక కొండ అడవిలో, బండలు పెనంలా కాలే ఎండాకాలంలో, కర్రెమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. దానికి ఒక్కడే కొడుకు, గుండుగాడు. ఎలుగులు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతాయి. అది వాటి ఆచారం. పిల్ల తల్లి జుట్టు గట్టిగా పట్టుకుని కూర్చోవాలి. గుండుగాడు జుట్టు పట్టుకునే రకం కాదు. చెవి కొరికే రకం.

వాడు కొరికినప్పుడల్లా కర్రెమ్మ ఏం చేసేది? బుగ్గన దాచుకున్న ఇప్పపూలు తీసి వాడి నోట్లో పెట్టేది. పూలు తిన్నంతసేపు ఊరుకునేవాడు. అయిపోగానే మళ్లీ కొరికేవాడు. ఒక్కోసారి ఒళ్లు మండి చరిచేది. వాడు ఏడిస్తే జాలిపడి, రెండు పూలు ఎక్కువ పెట్టేది.

ఆ ఏడు మడుగు ఎండిపోతోంది. పొద్దున చూస్తే మోకాటి లోతు, సాయంత్రానికి బురద. లోయకు అవతల ఊట ఉంది. దాటాలంటే లోయ మీద అడ్డంగా పడిన మద్దిమాను ఒక్కటే దారి. పిల్లవాడికి ఇంకా గోళ్లు గట్టిపడలేదు, మాను మీద నడవలేడు. వీపు మీదే మోయాలి. ఒకసారి బయలుదేరింది కూడా. నాలుగడుగులు వేయగానే వాడు చెవి కొరికాడు. తల విదిలించింది. కాలు జారింది. ఎలాగో వెనక్కి పాకి వచ్చింది. ఆ రోజు నుంచి దానికి కుదురు లేదు. మడుగు దగ్గరికి పోయేది, మాను దగ్గరికి పోయేది, తిరిగి వచ్చేది.

చివరికి ముళ్లపంది సూదవ్వ దగ్గరికి పోయింది. ఏడుగురు పిల్లల్ని పెంచిన ముసలిది. మావాణ్ణి నాలుగు రోజులు నీ దగ్గర పెట్టుకుని బాగుచెయ్యి అని అడిగింది.

"వాణ్ణెందుకు? నువ్వు రా," అంది సూదవ్వ.

"కొరికేది వాడు కదా అవ్వా."

"పూలు పెట్టేది ఎవరమ్మీ?"

కర్రెమ్మకు కోపం వచ్చింది. తను తప్పు చేశానంటే ఏ తల్లికి నచ్చుతుంది? విసవిసా వెళ్లిపోయింది. కానీ మడుగులో బురద పగుళ్లిస్తోంది. మర్నాడు సిగ్గు విడిచి వచ్చింది. దారిలో నక్క చూసి, కొడుకు అల్లరికి తల్లి బడికి పోతోందని పకపకా నవ్వింది. కర్రెమ్మ విననట్టే నడిచింది.

సూదవ్వ చెప్పింది. "నా ఒళ్లంతా ముళ్లే. పిల్లల్ని కొట్టలేను, హత్తుకోలేను. అందుకే చూపుతోనే, మాటతోనే పెంచాను. వాడు కొరికితే దించెయ్. తిట్టకు, కొట్టకు, పువ్వు పెట్టకు, వాడి వంక చూడకు. ఊరుకున్నాక మళ్లీ ఎక్కించుకో. జుట్టు పట్టుకుని పదడుగులు వచ్చాడా, అప్పుడు నోరు విప్పి బాగా పట్టుకున్నావని చెప్పు. అప్పుడే పువ్వు పెట్టు."

మొదటి రోజు దించితే వాడు దొర్లి దొర్లి ఏడ్చాడు. రెండో రోజు రెండు చెవులూ కొరికాడు. మూడో రోజు అడవంతా వినపడేలా అరిచాడు. కర్రెమ్మ తట్టుకోలేక పూలు పెట్టేసింది. ఆ సాయంత్రం వాడు ముందెన్నడూ లేనంతగా కొరికాడు.

ఏడుస్తూ వచ్చిన కర్రెమ్మను సూదవ్వ ఓదార్చలేదు. "గట్టిగా అరిస్తే పువ్వు వస్తుందని ఇవాళ నువ్వే నేర్పావు. పో, మొదటి నుంచి పట్టు," అంది.

మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఎంత అరిచినా లొంగలేదు. వాడు జుట్టు పట్టుకుంటే మాత్రం ఒక్కసారి కూడా మెచ్చుకోకుండా వదల్లేదు. ఎనిమిదో రోజుకు పదిసార్లు కొరికేవాడు మూడుసార్లకు దిగాడు. మడుగు మాత్రం ఆగలేదు. పూర్తిగా ఎండిపోయింది.

ఇక ఆగితే ఇద్దరూ దప్పికతో పోతారు. కర్రెమ్మ కొడుకును ఎక్కించుకుని మాను మీద కాలు పెట్టింది. కింద లోయ. నడిమధ్యకు వచ్చేసరికి ఈదురుగాలి కొట్టింది. గుండుగాడు బెదిరి చెవి నోట కరుచుకున్నాడు.

ఇక్కడ దించే వీల్లేదు. తల విదిలిస్తే ఇద్దరూ లోయలోకే. బుగ్గన పూలు ఉన్నాయి. పెడితే వెంటనే వదిలేస్తాడు. కర్రెమ్మ పెట్టలేదు. నాలుగు కాళ్ల గోళ్లూ మానులోకి దింపి, కదలకుండా నిలబడింది.

వాడు కాసేపు చూశాడు. చెవి వదిలాడు. రెండు చేతులతో జుట్టు పట్టుకున్నాడు.

"పట్టుకున్నావు నాన్నా. బాగా పట్టుకున్నావు," అంది కర్రెమ్మ మెల్లగా. అని, అడుగు వేసింది.

అవతల ఒడ్డున ఇద్దరూ కడుపు నిండా నీళ్లు తాగారు. తర్వాత గుండుగాడు దేవుడైపోయాడా? లేదు. అప్పుడప్పుడు కొరికేవాడు. కర్రెమ్మ దించేది, ఎక్కించుకునేది, నడిచేది.

నీతి: పిల్లవాడి నడత మారాలంటే ముందు పెద్దవాళ్లు తమ నడత నేర్చుకోవాలి, నేర్చుకున్నదాని మీద నిలబడాలి.

ఇంకో మాట. పక్క ఊరి బడిలో ఒక పంతులు ఈ కథలో ఎలుగు కొడుకును బెత్తంతో కొట్టి దారికి తెచ్చిందని చెబుతున్నాడట. ఎలుగు చేతికి బెత్తం ఎక్కడిది? తిరుపాలమ్మ అలా చెప్పలేదు. చదువు వచ్చినవాళ్లు ఎవరైనా ఆ బడికి పోయి, పిల్లల ముందే, ఆ తప్పు దిద్దించండి.