ఇల్లు ఖాళీ అయ్యేదాకా

శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు అమర్యాకు లేదు. గడ్డం నిమురుకునేవాడు, అడిగినవాణ్ణి ఎగాదిగా చూసేవాడు, ఆ తర్వాత ఏ వానల సంగతో ఎత్తుకునేవాడు. రావలసినప్పుడు జవాబు దానంతటదే వస్తుందని ఆయన ధీమా. ఈలోపల అడిగినవాడికి మాత్రం ప్రాణం విసిగిపోయేది.

ఆయనది యూదా కొండల్లో యాజకులకు వదిలిన ఒక చిన్న ఊరు. ఇశ్రాయేలు గోత్రాలన్నీ పొలాలు పంచుకున్నప్పుడు లేవీ గోత్రానికి భాగం దక్కలేదు. దేవుని సేవే మీ ఆస్తి అన్నారు. ఆ గోత్రంలో అహరోను వంశంవాళ్లు యాజకులు. యాజకుడంటే బలిపీఠం, ధూపం, తెల్లని నారబట్టలు అనుకుంటారు జనం. అవన్నీ ఆలయంలో వంతు వచ్చిన రోజుల్లో మాట. మిగతా ఏడాదంతా ఊళ్లో వాళ్ల పని చూడడం, చెప్పడం. ఒంటి మీద మచ్చ లేచినా, బట్టకు తెగులు పట్టినా, ఇంటి గోడను కుష్ఠులా పాకే పొడ తినేస్తున్నా యాజకుడు వచ్చి చూసి, శుద్ధమో అశుద్ధమో నోటితో చెప్పాలి. ఆయన చెప్పేదాకా ఏదీ అశుద్ధం కాదు. చెప్పాక ఎవరు కాళ్లావేళ్లా పడినా ఆ మాట వెనక్కి రాదు.

శిష్యుల్లో ఇమ్మేరు అనేవాడు కొత్తగా అభిషేకం పొందిన యాజకుడు. కన్ను చురుకు, ధర్మశాస్త్రం నోటికి వచ్చు. అయినా ఊరివాళ్లు అతని గుమ్మం దాటుకుని ముసలాయన దగ్గరికే పోతున్నారు. అది అతనికి కంట్లో నలుసులా ఉంది. ఒకరోజు పొద్దున్నే ఉండబట్టలేక అడిగేశాడు.

"అయ్యగారూ, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే కదా మన పని? నేను ఒక్క చూపులో చెప్పేస్తాను. మీరు పూటంతా నాన్చుతారు. మరి జనం నన్ను చూస్తే ఎందుకు జంకుతారు? ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని సరిపెట్టుకోనా?"

"ఈసారి వానలు ముందే పడేట్టున్నాయి," అన్నాడు అమర్యా.

ఇమ్మేరు లోలోపల పళ్లు నూరుకుంటుండగా హొగ్లా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఊరి చివర ఉండే గొర్రెలకాపరి భార్య ఆమె. మగడు మందను తోలుకుని దిగువ మైదానాలకు పోయాడు. మొహం పీక్కుపోయి ఉంది, కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది.

"అయ్యా, మా ఇంటి గోడకు పొడలాంటిదేదో నాకు కనబడుతోంది," అంది.

అలాగే చెప్పాలి. పొడ అని తేల్చి చెప్పడం ఇంటివాళ్ల పని కాదు.

ముగ్గురూ బయలుదేరారు. అమర్యాది నత్తనడక. దారిలో రెండుసార్లు చెప్పు వారు బిగించుకున్నాడు, ఎవరిదో గాడిద కుంటుతుంటే ఆగి దాని కాలు చూశాడు. హొగ్లా ఇంటికి చేరాక లోపలికి అడుగు పెట్టకుండా, ఇంటికి వీపు పెట్టి ఎదురుగా ఉన్న రాయి మీద కూర్చున్నాడు.

"కాసిని మంచినీళ్లియ్యమ్మా," అన్నాడు. తాగి, ముంత తిరిగిచ్చి, "సామాను బయట పెట్టుకో తల్లీ. అంతా పెట్టుకో. నాకేం తొందర లేదు," అన్నాడు.

ఇమ్మేరు గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశాడు. పక్కింటివైపు గోడ మీద పచ్చగా, అక్కడక్కడా ఎర్రగా చారలు. చారలున్న చోటల్లా గోడ లోపలికి గుంటలు పడి ఉంది. శాస్త్రంలో చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి. అతను పొరబడలేదు, అది పొడే. గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"అయ్యగారూ, ఇది..."

"చేతులు ఖాళీగానే ఉన్నాయిగా? ఆమెకు సాయం పట్టు," అన్నాడు అమర్యా, తల తిప్పకుండానే.

అభిషేకతైలం ఆరని చేతులతో చాపలు మోయాలా అని ఇమ్మేరుకు ఒళ్లు మండింది. అయినా గురువు మాట. చాపలు మోశాడు, గొంగళ్లు మోశాడు, తిరగలి దొర్లించాడు. మోస్తూనే లోపల సణుక్కున్నాడు. ఇక మిగిలినవి నూనె బానలు. అవి సరిగ్గా ఆ గోడకే ఆనించి ఉన్నాయి.

యాజకుడు ఇల్లు అశుద్ధం అన్నాడంటే ఆ క్షణాన లోపలున్నదంతా అశుద్ధమే. చాపలూ గొంగళ్లూ ఉతుక్కోవచ్చు, చెక్కసామాను కడుక్కోవచ్చు. మట్టిపాత్రకు ఆ దారి లేదు, పగలగొట్టి పారెయ్యవలసిందే. ఆ బానల్లో ఉన్నది ఆ ఏటి ఒలీవనూనె. హొగ్లా ఇంటి దీపం, రొట్టె, నూనె ఇచ్చి తెచ్చుకునే గింజలు, మళ్లీ కాపు వచ్చేదాకా ఆ ఇంటి బతుకంతా వాటిలోనే ఉంది.

ఇమ్మేరు ఒక బానను రెండు చేతులా పొదివి పట్టుకుని లేచేసరికి, పక్కింటి గేరా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని ఇంటికీ ఈ ఇంటికీ మధ్యగోడ ఒకటే.

"ముసలాయన అక్కడ కునుకు తీస్తున్నాడు. నువ్వూ యాజకుడివే కదయ్యా?" అన్నాడు గేరా. "ఆ గోడ పక్కనే నా పిల్లలు పడుకుంటారు. అది పొడా, కాదా? ఒక్క మాట చెప్పి పుణ్యం కట్టుకో."

ఇన్నాళ్లకు మళ్లీ ఒకడు ముసలాయన్ని వదిలి తనను అడిగాడు! జవాబు ఇమ్మేరు నాలుక మీదే ఉంది. నోరు తెరిచాడు కూడా. అంతలో అతని కళ్లు హొగ్లా మీద పడ్డాయి. ఆమె ఇంకో బాన మీదికి వంగినది వంగినట్టే ఆగిపోయింది. అతని నోటివైపే చూస్తోంది.

"ఇంకా రెండే ఉన్నాయయ్యా," అంది, వినపడీ వినపడనట్టు.

చేతుల్లో బాన బరువు అప్పుడు తెలిసింది ఇమ్మేరుకు. తను ఇప్పుడు పెదవి కదిపితే, గుండెకు హత్తుకుని నిలబడిన ఈ బానను తనే వీధిలో పగలగొట్టాలి. నూనె మట్టిలో ఇంకుతుంటే ఆమె చూస్తూ నిలబడాలి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి తన నోరంటే తనకే భయం వేసింది. కొత్తలో, జనం ఇంకా తనను పిలిచే రోజుల్లో, ఒక్క చూపులో చెప్పేసిన ఇళ్లు గుర్తుకు వచ్చాయి. ఆ గుమ్మాల ముందు పెంకులు ఎవరు ఏరుకున్నారో ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

"యాజకుడు చూడబోయే ముందు ఇల్లు ఖాళీ చేయించాలి, గేరా. అదీ శాస్త్రంలో ఉన్న మాటే," అన్నాడు. చిన్నప్పుడు వల్లె వేసిన మాటే అది. ఎప్పుడూ దాని మీదుగా పరుగెత్తాడు గాని, దాని దగ్గర ఆగింది లేదు. "నీ పిల్లల కోసం నీకు తొందరైతే లోపలికి రా. ఒక బాన నువ్వూ పట్టు."

గేరా గుమ్మం దగ్గర నసిగాడు. ఇల్లు అశుద్ధమని ఇంకా ఎవరూ అనలేదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకుని లోపలికి వచ్చాడు. చివరి బాన అతనే మోశాడు.

అప్పుడు అమర్యా లేచి, మోకాళ్లు సవరించుకున్నాడు. "వెళ్లి చూసి రా, నాయనా," అన్నాడు.

ఇమ్మేరు లోపలికి వెళ్లాడు. ఖాళీ ఇంట్లో తన అడుగుల చప్పుడు తనకే వినిపించింది. గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చి చెప్పవలసింది చెప్పాడు.

"ఇది పొడేనమ్మా. ఏడు దినాలు ఇల్లు మూసి ఉంచాలి. తర్వాత మళ్లీ వచ్చి చూస్తాను."

హొగ్లా ఏడ్చింది. ఏడుస్తూనే ఒక చెయ్యి బాన మూతి మీద వేసి ఉంచింది. గేరా కాసేపు తల గోక్కుని, "బానలు మా వసారాలో పెట్టుకో వదినా. నువ్వూ అక్కడే సర్దుకుందువుగాని," అన్నాడు.

తిరుగుదారిలో ఇమ్మేరు ముసలాయన నత్తనడకకు తన నడక కలిపాడు.

"అయ్యగారూ, మీకు ముందే తెలుసు కదూ?"

"ఆమె మా గుమ్మంలో నిలబడ్డప్పుడే అనుకున్నాను."

"మరి గేరా అడగ్గానే నేను చెప్పేసి ఉంటే? అది అబద్ధమేం కాదు కదా?"

"అబద్ధం ఎందుకవుతుంది నాయనా?" అన్నాడు అమర్యా. "అప్పుడూ నిజమే. బానలే ఉండేవి కావు."