కోట గుమ్మం మీద సన్నాయి

అనగనగా, వాగు పారాలన్నా ఆగాలన్నా రాజుగారి మాటే చెల్లే రోజుల్లో, కుందవరం కోటలో సోమలింగం అనే సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. కోట గుమ్మం పైనున్న మేడలో కూర్చుని అతడు ఊదితే, బాటసారులు నడక మరచి నిలబడిపోయేవారు.

ఒక ఏడు రాజుగారు జలక్రీడల కోసం కొత్త కొలను తవ్వించారు. దాన్ని నింపడానికి వాగుకు అడ్డుకట్ట వేయించారు. కింది ఊళ్ళు ఎండిపోయాయి.

మొదటిసారి రైతులు వచ్చి గుమ్మం ముందు మొర పెట్టుకున్నారు. ఆ గోల రాజుగారి చెవిన పడకూడదని మంత్రి సన్నాయి ఊదమన్నాడు. సోమలింగం మనసు చివుక్కుమంది. అయినా, పాటగాడికి రాజ్య వ్యవహారాలు ఎందుకని తనకు తానే చెప్పుకుని ఊదాడు. రైతులు వెనుదిరిగారు.

రెండోసారి ఆడవాళ్ళు ఖాళీ కడవలతో వచ్చారు. మంత్రి ఇంకా గట్టిగా ఊదమన్నాడు. సోమలింగం కళ్ళు మూసుకుని ఊదాడు.

మూడోసారి ఒక్క ముసలమ్మే వచ్చింది. పేరు పోలమ్మ. మేడ మెట్లెక్కబోతున్న సోమలింగం ఆగి, మిగతావాళ్ళు ఏరని అడిగాడు. ఊరు విడిచి పోయారని చెప్పింది. బురదనీళ్ళు తాగి తన మనవరాలు చనిపోయిందని చెప్పింది. ఆ తర్వాత అతని చేతిలోని సన్నాయిని చూసింది.

"ఊదేది నువ్వేనా నాయనా? బాగా ఊదుతావు. రెండుసార్లు వచ్చాం. రెండుసార్లూ నీ పాటే విని వెళ్ళాం."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే సోమలింగం మేడ ఎక్కలేకపోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని నేరుగా సభకు నడిచాడు. ఆస్థాన విద్వాంసుడు కనుక భటులు అడ్డుకోలేదు.

రాజు ముఖం చిట్లించాడు. "సోమలింగం, నీ పని ఊదటం. రాజ్య వ్యవహారాలు నీకెందుకు?"

"ఇన్నాళ్ళూ నేను చేసింది రాజ్య వ్యవహారమే ప్రభూ. వీళ్ళ ఏడుపు మీకు వినబడకుండా చేశాను. ఇక నా వల్ల కాదు. ఈమె చెప్పేది వినండి."

సన్నాయి మోగని ఆ సభలో పోలమ్మ మెల్లగా చెప్పినా అందరికీ వినబడింది. రాజు తల దించుకున్నాడు. ఆ సాయంత్రమే అడ్డుకట్ట తెగగొట్టించాడు. నిండుసభలో తనను తలదించుకునేలా చేసినందుకు సోమలింగాన్ని కొలువులోంచి తీసేశాడు.

సోమలింగం పోలమ్మ వెంట ఆమె ఊరికి వెళ్ళాడు. వాగులోకి నీళ్ళు వచ్చాయి. సగం ఇళ్ళలో మనుషులు లేరు. ఊరి చివర చిన్న మట్టిదిబ్బ దగ్గర నిలబడి, బిడ్డ కోసం ఒక్క పాట ఊదనా అని అడిగాడు.

"వద్దు నాయనా," అంది పోలమ్మ. "ఊరికే కూర్చో."

అతడు కూర్చున్నాడు.

కనుక పిల్లలూ, నలుగురూ చెవి ఒగ్గి వినే గొంతు ఉన్నవాడు, మొర వినే దిక్కులేనివాళ్ళ కోసం సమయానికి మాట్లాడాలి. ఆలస్యంగా పలికిన న్యాయం ఆగిన వాగును పారించగలదు గాని, పోయిన ప్రాణాన్ని తేలేదు.