ముళ్లపంది మోసిన నీడ

పిల్లలూ, నిజం చెప్పండి. మీ పెరట్లో ఎండ తగలని మూలను మీరేం చేస్తారు? విరిగిన చీపురు, తెగిన చెప్పు అక్కడే గిరాటేస్తారు కదూ?

అనగనగా ఒక అడవిలోనూ అంతే. అక్కడ వాగు పక్కన జంతువులన్నీ కలిసి పూలతోట పెంచేవి. ముళ్లపంది తోటపెద్ద. ఎండ పడే చోటంతా బంతిపూలది. కానుగ చెట్టు కింది నీడ మాత్రం చెత్తది.

ఒకరోజు కప్ప వచ్చి, "మామా, ఆ నీడమూల నాకిస్తావా? పూలు పూయిస్తాను," అంది.

ముళ్లపంది పకపకా నవ్వింది. "మూడేళ్లు అక్కడ బంతి నాటానే పిల్లా. కాడలు సాగాయి, మొగ్గ రాలేదు. తప్పంతా నీడది."

"నీడది కాదు మామా, నారు ఎంచినవాళ్లది."

ముళ్లపందికి ఒళ్లు మండింది. "నోరుంది నీకు. సరే, తొలకరిలోపు పూలు చూపించు. లేదా తోట వదిలి వాగులోకి పో."

వాగులో కొంగలున్నాయి. ఆ సంగతి కప్పకు తెలుసు. అయినా చెత్త ఎత్తింది. ఆకులు కుళ్లబెట్టి ఎరువు వేసింది. చిన్న మడి కట్టి కనకాంబరాలు, నీలాంబరాలు నాటింది. నడివేసవికి మొక్కలు నిగనిగలాడుతూ మొగ్గ తొడిగాయి.

ముళ్లపంది అది చూసింది. 'నీడలోనే ఇలా ఉంటే, ఎండ తగిలితే ఇంకెంత పూస్తాయో' అనుకుంది. కప్పను అడగలేదు. కప్ప కునుకు తీస్తుండగా కానుగను మొదలంటా కొరికి పడేసింది. ఇక మెప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నానికి ఆకులు మాడాయి. మొగ్గలు వాలిపోయాయి. ఒళ్లు ఎండిపోతున్న కప్ప తడి ఆకు కిందికి పాకి, "ఎవరు చేశారిది?" అంది.

"నేనే. నీ మేలుకే."

"నా మేలేదో నన్ను అడిగావా మామా?"

తోటలోని జంతువులన్నీ చూస్తున్నాయి. పందెం నెగ్గానని చెప్పి ముళ్లపంది వెళ్లిపోవచ్చు. కానీ కాళ్లు కదల్లేదు.

అది టేకాకుల్లో దొర్లింది. ఆకులు ముళ్లకు గుచ్చుకున్నాయి. అలాగే వచ్చి, ముళ్లు నిక్కించి, మడి మీద నిలబడింది.

"గొడుగుకు కాళ్లొచ్చాయర్రా," అంది కుందేలు.

"పెద్దాయనా, కాస్త ఎడమకి జరుగు. ఈ మొక్క మీద ఎండ పడుతోంది," అంది ఉడుత.

ముళ్లపంది తల దించుకుని ఎడమకి జరిగింది. వీపు ఎండకు కాలింది. ముఖం సిగ్గుతో అంతకన్నా ఎక్కువ కాలింది. తొలకరి దాకా రోజూ అంతే. ఆ నీడలో వాడిన మొక్కలు మెల్లగా తేరుకుని మళ్లీ మొగ్గ తొడిగాయి.

తొలి చినుకు రాలిన రోజు మడి నిండా నారింజ రంగు, నీలిరంగు పూలు విచ్చాయి. "తోటపెద్ద చలవ," అంది కుందేలు.

"కాదు," అంది ముళ్లపంది, తల ఎత్తకుండానే. "ఇవి నేను చంపబోయిన పూలు. పూయించింది కప్ప." తర్వాత మెల్లగా, "కప్పా, ఇప్పుడు నన్నేం చేయమంటావు?" అని అడిగింది.

"అడిగావు కాబట్టి చెబుతాను మామా. ముందు ఒక కానుగ మొక్క నాటు."

నీతి: మనకు హాయినిచ్చేదే అందరికీ హాయి కాదు. అడగకుండా చేసిన మేలు కీడవుతుంది. మీరు ఎవరికి సాయం చేయాలనుకుంటున్నారో, ఈరోజే వాళ్ల దగ్గరికి వెళ్లి "నీకేం కావాలి?" అని అడగండి. జవాబు చివరిదాకా వినండి.