పేరు చెక్కని రాయి

పూర్వం చినవోబుళ నాయకుడనే ప్రభువు ఏలుబడిలో, ఊటపల్లె, దిన్నెపాడు అనే గ్రామాల నడుమనున్న మేకలగుట్ట కోసం తీరని వివాదం పుట్టింది. చూడబోతే రాళ్లూ తుప్పలే గాని, ఆ గుట్ట నడినెత్తిన మండువేసవిలోనూ ఎండని ఊట ఒకటి ఉండేది. ఆ నీరు చేజారితే ఊటపల్లె జనం పశువులను తోలుకుని వలసపోవలసిందే.

ధర్మాత్ముడైన ప్రభువు గుట్ట పొడవునా రాళ్లు నాటించి, ఒక్కొక్క తావు పేరు వాటిపై చెక్కించ సంకల్పించాడు. ఆ పేర్లన్నీ ఎవరు చెప్పగలరో గుట్ట వారిదేనని శాసించి, శిల్పులను వెంటబెట్టుకుని తానే కాలినడకన బయలుదేరాడు.

ఊటపల్లె పెద్ద బసిరెడ్డి గొర్రెమెడ కనుమ, తేనెపట్ల చరియ, ఎలుగు గవి అంటూ భక్తితో చెప్పసాగాడు. దిన్నెపాడు పెద్ద గంగన్న కూడా తక్కువ తినలేదు. తెలిసినవి కొన్ని, అప్పటికప్పుడు అల్లినవి కొన్ని కలిపి గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. నోరుంటే చాలు, కొండకైనా నామకరణం చేయవచ్చు గదా!

తీరా ఊట పక్కనున్న బండ దగ్గరికి రాగానే బసిరెడ్డి తలపాగా తీసి, నేల తాకి కళ్లకద్దుకుని, మూగవాడైపోయాడు. ప్రభువు రెండుమార్లు అడిగినా పెదవి విప్పలేదు. నోటికొచ్చిన పేరొకటి చెబితే ఊరు దక్కుతుందని తెలిసీ కన్నీరు కార్చాడే గాని పలకలేదు. ఇదే అదనని గంగన్న బండపై కాలుమోపి, "ఇది నక్కబండ సామీ, వాళ్లకు తెలిస్తే గదా చెప్పేది" అన్నాడు. శిల్పి ఉలి ఎత్తాడు.

అంతలో ప్రభువు దృష్టి దిన్నెపాటి జనంలో చెప్పులు విడిచి, తలవంచి నిలిచిన ఒక యువతిపై పడింది. ఆమె లక్కమ్మ, గంగన్న కోడలు, పుట్టిల్లు ఊటపల్లె. ప్రభువు శిల్పిని ఆగమని, ఆమెను దిగువకు పిలిపించి కారణమడిగాడు. బండ మీద మోపిన కాలు తీయకుండానే మామ పైనుంచి ఉరిమి చూస్తున్నా ఆ సాధ్వి నిజమే పలికింది.

"మా ఊటమ్మ తల్లి నడిచి నడిచి అలిసి ఆడ పండుకోనుండాది సామీ. ఆ తావుకు పేరు ల్యాదు, ఆడ మాట్లాడేదీ ల్యాదు. పిలిస్తే తల్లి లేచిపోతాది, ఎనకాలే నీళ్లూ పోతాయి."

ప్రభువు తన పాదుకలు విడిచి పైకెక్కాడు. ఆ నిశ్శబ్దంలో బండ అడుగున గలగలమని నీటి సవ్వడి వినిపించి, మరుక్షణం గంగన్న మోపిన కాలి కిందినుంచే కొత్త ధార ఎగజిమ్మింది. అతడు కాలు తీసి సాష్టాంగపడ్డాడు.

"పేర్లు ఎవరైనా అల్లగలరు. ఊరంతా ఒక్కచోట నోరు కట్టుకోవడం ఒక్కనాటిలో అబ్బేది కాదు" అని దిగువకు వచ్చాక ప్రభువు తీర్పు చెప్పి, గుట్టను ఊటపల్లెకు ధారపోశాడు. ఆనందంతో పొంగిపోయిన బసిరెడ్డి, "మా ఆడబిడ్డ వాకిట నీళ్లు ల్యాకుంటే మాకేం పరువు సామీ" అని, కొత్త ధారను కాలువ తీయించి దిన్నెపాటికే మళ్లించాడు.

నేటికీ వైశాఖ పౌర్ణమినాడు ఉభయ గ్రామాలవారూ డప్పులతో గుట్టెక్కి, ప్రతి రాతివద్దా దాని పేరు ఎలుగెత్తి చాటుతారు. ఊట పక్కన అక్షరం లేని ఆ ఒక్క రాయి కనబడగానే డప్పులు ఆగిపోతాయి. అక్కడ అందరికంటే ముందు చెప్పులు విడిచేది దిన్నెపాటివారే.