అనుమానపు దూలం

భోజనాల మిద్దె కప్పులోంచి మట్టిపెళ్ల ఒకటి ఊడి పప్పుగిన్నెలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పప్పు మాత్రం దక్కలేదు. ఆ రోజు నుంచి గఫూరుకు నిద్ర కరువైంది.

గుట్టమీది ఆ దర్గాలో దారినపోయేవాళ్లకూ కూలి జనానికీ మధ్యాహ్నం సంగటి పెట్టే పని గఫూరుది. మిద్దె తాతలనాటిది. దాని దూలాల రుచి చెదపురుగులు ఎప్పుడో మరిగాయి.

అతను గురువు రోషన్ షా దగ్గరికి వెళ్లాడు.

"హజ్రత్, మిద్దె మొత్తం విప్పి కొత్త దూలాలు వేద్దాం. అంతదాకా పొయ్యి వెలిగించొద్దు."

"వడ్రంగులకు కూలి?"

"గాదెలో జొన్నలున్నాయి కదా."

"అవి కూలికి పోతే, కొత్త మిద్దె కింద ఏం వడ్డిస్తావు?"

"అట్లని ఊరకుంటే? రేపు ఎవరి నెత్తినన్నా పడితే?" అన్నాడు గఫూరు. పాపం, అతని భయంలో నటనేమీ లేదు.

పెద్దాయన లేచాడు. వంటింట్లోంచి రోకలి తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"కొట్టు."

"దేన్ని హజ్రత్?"

"నన్ను కాదులే. దూలాన్ని."

మొదటి దూలం గట్టిగా పలికింది. పెద్దాయన దానికింద వచ్చేవాళ్ల కోసం చాప పరిచాడు. దాని పక్కదీ అట్లాగే పలికింది, అక్కడా చాప పడింది. తర్వాతది డొల్లగా మోగి, గఫూరు గడ్డం నిండా చెదమట్టి రాల్చింది. పెద్దాయన అక్కడ చాప వెయ్యకుండా, అడ్డంగా తాడు కట్టాడు.

"వడ్రంగిని పిలువు. ఈ ఒక్కదానికే జొన్నలు కొలువు."

గఫూరుకు ఉత్సాహం పుట్టింది. సంతలో కుండ బేరమాడేవాడిలా చెవి ఒగ్గి ఒక్కో దూలాన్నీ కొట్టుకుంటూ పోయాడు. తలుపు దగ్గరి దూలం దాకా వచ్చి ఆగిపోయాడు. మళ్లీ కొట్టాడు. అటు కొసన కొట్టాడు, ఇటు కొసన కొట్టాడు.

"ఏమంటాంది?" అన్నాడు పెద్దాయన.

"తెలియడం లేదు హజ్రత్. గట్టిదనలేను, డొల్లదనలేను. దీన్నీ మారిస్తే గాదె అడుగంటుతుంది. వదిలేద్దామంటే మనసొప్పడం లేదు. దీనికింద ఎవరిని కూర్చోబెట్టాలి?"

పెద్దాయన లోపలికి వెళ్లి రెండు చాపలు, రెండు కంచాలు తెచ్చాడు. ఒక కంచం ఆయనది. రెండోది గఫూరుది. సరిగ్గా ఆ దూలం కిందే పరిచి, కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు.

గఫూరు రోకలి గోడకు ఆనించాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

మధ్యాహ్నం జనం వచ్చారు. గట్టి దూలాల కింద కబుర్లు చెప్పుకుంటూ తిన్నారు. గఫూరు మాత్రం ముద్దముద్దకూ తలెత్తి పైకి చూస్తున్నాడు.

"భయమా?"

"భయమే హజ్రత్."

"మంచిది. దూలానికి కాపలా దొరికింది," అని పెద్దాయన పప్పుగిన్నె అతని వైపు జరిపాడు.